అక్షం తప్పిన యంత్రం

లోహాన్ని కోసే యంత్రానికి “వంద మిల్లీమీటర్లు జరుగు” అని ఆజ్ఞ ఇస్తే అది కచ్చితంగా వందే జరగాలి. 99.95 జరిగితే లోపించినది తలవెంట్రుక మందమంత కూడా ఉండదు. అయినా ఆ కొలతను నమ్మి తొలిచిన రంధ్రం జోడు భాగంలోని పిన్నుతో కలవదు. ఖరీదైన ముక్క తుక్కులో చేరుతుంది. తెరమీద అంకె మాత్రం 100.000 అనే చూపుతూ ఉంటుంది. సి.ఎన్.సి. యంత్రాలను బాగుచేసేవారిని వేధించే చిక్కు ఇదే.

హెలికాప్టరు రెక్కల వంపులను సరిగా తీర్చే ప్రయత్నంలో, మిషిగన్ రాష్ట్రానికి చెందిన జాన్ పార్సన్స్ అంకెలతో యంత్రాన్ని నడిపే ఆలోచన చేశారు. 1949లో అమెరికా వైమానిక దళం ఆ పనికి ధనసహాయం చేసింది. ఎం.ఐ.టి. సర్వోమెకానిజమ్స్ ప్రయోగశాల 1952లో మూడు అక్షాల మిల్లింగు యంత్రాన్ని చిల్లుల టేపుతో నడిపి చూపింది. టేపు పోయి కంప్యూటరు వచ్చినా మూలసూత్రం మారలేదు.

ఆ సూత్రం ఇది. నియంత్రకం ప్రయాణాన్ని అతి చిన్న అడుగులుగా విభజించి సర్వో మోటారుకు చెబుతుంది. మోటారు బాల్ స్క్రూను తిప్పుతుంది. స్క్రూ భ్రమణం బల్లకు సరళ చలనమవుతుంది. మోటారు వెనుకనున్న ఎన్‌కోడరు ఎంత తిరిగిందో తిరిగి విన్నవిస్తుంది. చెప్పినదానికీ జరిగినదానికీ మధ్య అంతరం హద్దు మీరితే అలారం మోగి యంత్రం ఆగిపోతుంది. అయితే అలారం నొప్పి ఎక్కడో చెబుతుందిగాని రోగమేమిటో చెప్పదు. జారుడు పట్టాలకు నూనె అందకపోయినా, కవచం కింద లోహపు పొట్టు ఇరుక్కున్నా, బ్రేకు విడవకపోయినా అదే అలారం. బల్ల ఒకానొక చోటికి వచ్చినప్పుడే అది మోగుతుంటే, మడతలు పడుతూ కదిలే కేబులు లోపల తీగ తెగిందేమోనని మొదట అనుమానించాలి.

సంస్కృతంలో అక్షమంటే బండి ఇరుసు. పాచిక అనే అర్థమూ ఉంది. కొలత తీయకుండా భాగాలు మార్చుకుంటూ పోయే మెకానిక్కు ఆడేది ఆ రెండో అక్షంతోనే.

అలారం మోగని దోషాలు మరీ గడుసువి. వాటిని పట్టించేది తప్పు పరిమాణం కాదు, తప్పు నడిచే తీరు. ఎన్‌కోడరు లేని స్టెప్పర్ మోటారు యంత్రాన్ని తీసుకుందాం. మోటారు చుట్టుకు 200 అడుగులు. డ్రైవు ఒక్కొక్క అడుగును 10 భాగాలు చేస్తే చుట్టుకు 2000 పల్సులు. స్క్రూ చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరిపితే మిల్లీమీటరుకు 400. అటువంటి యంత్రం 100కు 50, 50కి 25 జరుగుతున్నదంటే స్క్రూను విప్పనక్కరలేదు. డ్రైవు మీటను ఎవరో 20 భాగాలకు మార్చి ఉంటారు.

దూరంతో నిమిత్తం లేకుండా, దిశ మారినప్పుడల్లా ఒకే కొలత తగ్గితే అది వదులు. ఇరుసు వదులైన బండిచక్రం ముందు అటూ ఇటూ ఊగి తరువాత కదిలినట్టే, స్క్రూ కొంత వృథాగా తిరిగాకగాని బల్ల కదలదు. బల్లకు డయల్ ఇండికేటరు ఆనించి, ముందుకు వస్తూ ఒక స్థానంలో సున్నా పెట్టి, ఇంకొంత ముందుకు పోయి, వెనుదిరిగి అదే స్థానానికి రప్పిస్తే ముల్లు చూపే తేడాయే ఆ వదులు. దానిని అంకెగా నియంత్రకానికి చెబితే అది సరిదిద్దుకుంటుంది. ఈ సౌకర్యమే చాలాచోట్ల కొంప ముంచుతున్నది. స్క్రూ నడుమ ఎక్కువగా, చివరల తక్కువగా అరిగి ఉంటే ఒకే అంకె అంతటా సరిపోదు. బేరింగు నట్టు వదులైతే దానిని బిగించాలిగాని అంకెల దుప్పటి కప్పరాదు.

అదే ప్రోగ్రామును ఇరవైసార్లు నడిపితే తప్పు పెరుగుతూ పోతున్నదా? అడుగులు జారుతున్నాయి, లేదా కప్లింగు ఇరుసుపై జారుతున్నది. రెండింటి మీదుగా ఒక రంగు గీత గీస్తే చాలు; గీత విరిగితే దొంగ దొరికినట్టే. పనంతా సరిగ్గా ఒక స్క్రూ చుట్టంత పక్కకు జరిగితే మూలస్థానపు స్విచ్చిని చూడాలి. ఉదయం సరిగా ఉండి మధ్యాహ్నానికి తప్పితే వేడిని తలచుకోవాలి: మీటరు పొడవున్న ఉక్కు స్క్రూ 10 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే సుమారు 0.11 మిల్లీమీటర్లు సాగుతుంది.

ఎక్స్, వై అక్షాల డ్రైవులు ఒకే రకమైతే వాటిని తారుమారు చేసి, అలారం డ్రైవు వెంట పోయిందా, అక్షం దగ్గరే ఉండిపోయిందా అని చూడవచ్చు. విద్యుత్తు ఆపి, కెపాసిటర్లలో నిలవున్నది దిగేదాకా ఆగాలి. నిలువుగా కదిలే జెడ్ అక్షం మోటారును విప్పేముందు కింద గట్టి దిమ్మె ఆనించడం మరువరాదు. బ్రేకు సాధారణంగా మోటారులోనే ఉంటుంది. మోటారు ఊడితే బరువైన తలభాగం చేతులమీద పడుతుంది.

లారెన్స్ లివర్మోర్ ప్రయోగశాలకు చెందిన జేమ్స్ బ్రయాన్ 1980ల ఆరంభంలో బాల్ బార్ పరీక్షను ప్రచారంలోకి తెచ్చారు. రెండు గోళాల నడుమ సాగే దండాన్ని అమర్చి యంత్రంచేత వృత్తం గీయించడమే ఆ పరీక్ష. అక్షం దిశ మారే నాలుగుచోట్ల మెట్లు కనిపిస్తే వదులు. వృత్తం ఏటవాలు కోడిగుడ్డు ఆకారమైతే ఎదురుదిశలోనూ గీయించి చూస్తారు. వాలు మారకపోతే అక్షాల మధ్య లంబకోణం తప్పింది. వాలు తిరగబడితే రెండు సర్వోలు ఒకే వేగంతో స్పందించడం లేదు.