616.5 మిల్లీమీటర్ల వాన ఫైలులోంచి ఎందుకు మాయమవుతుంది?

2023 జులై 27 ఉదయం ఎనిమిదిన్నరతో ముగిసిన 24 గంటల్లో జయశంకర్ భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్ల వాన పడింది. పక్క ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 నమోదైంది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరు ఊరంతా మునిగింది. జనం ఇళ్లపైకి ఎక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. ఇంతటి వాన కూడా కంప్యూటర్ లెక్కలో లేకుండా పోవచ్చు. అందుకు డేటా ఫైలులో తప్పుగా రాసిన రెండు అంకెలు చాలు.

ఏమిటా రెండు అంకెలు?

వాతావరణ కొలతలను దాచే ఫైళ్లలో నెట్‌సీడీఎఫ్ బాగా వాడుకలో ఉన్న రూపం. 1901 నుంచి దేశంలోని రోజువారీ వర్షపాతాన్ని పావు డిగ్రీ గళ్లుగా చూపే భారత వాతావరణ శాఖ డేటా కూడా ఈ రూపంలో దొరుకుతుంది. ఇలాంటి ఫైలులో కొలతలతో పాటు వాటి వివరాలూ ఉంటాయి: యూనిట్ ఏది, లేని విలువకు గుర్తు ఏది, హద్దులు ఏవి. వీటిని ఎలా రాయాలో సీఎఫ్ నియమాలు చెబుతాయి. హద్దులు చెప్పేందుకు రెండు పద్ధతులున్నాయి. వాలిడ్ రేంజ్ అంటే ఆ కొలతకు చెల్లే కనిష్ఠం, గరిష్ఠం. యాక్చువల్ రేంజ్ అంటే ఈ ఫైలులో నిజంగా ఉన్న కనిష్ఠం, గరిష్ఠం. చెరువు కట్ట ఎత్తు వేరు, ఈ ఏడు నీళ్లొచ్చిన మట్టం వేరు కదా!

రెండూ కలిసిపోతే నష్టమేమిటి?

వాలిడ్ రేంజ్ దాటిన విలువను చాలా సాఫ్ట్‌వేర్లు లేనట్టే లెక్కిస్తాయి. పైథాన్‌లో వాడే నెట్‌సీడీఎఫ్4 లైబ్రరీ అడగకుండానే దాన్ని కప్పేస్తుంది. 2013 జులై 19న వాజేడులో 517.5 మిల్లీమీటర్లు కురిసింది. అప్పటికి తెలంగాణలో అదే రికార్డు. దాన్ని చూసి ఎవరైనా పైహద్దు 550 అని రాసి ఉంటే పదేళ్ల తర్వాత చిట్యాల, లక్ష్మీదేవిపేట రెండూ చెరిగిపోయేవి. ఇప్పటిదాకా పడిన వానను ఇకపై పడగల వానకు హద్దుగా పెట్టకూడదు.

మరి పైహద్దు ఎలా పెట్టాలి?

ప్రకృతిలో సాధ్యమైనదాన్ని బట్టి పెట్టాలి. ఒక్కరోజు వానలో ప్రపంచ రికార్డు 1966 జనవరిలో రీయూనియన్ దీవిలోని ఫోక్ ఫోక్‌ది, 1825 మిల్లీమీటర్లు. కాబట్టి 0 నుంచి 2000 అనడం సబబు. ఆ లోపల అనుమానం కలిగించే విలువ వస్తే చెరపకూడదు. నాణ్యత గుర్తును పక్కన వేరే వరుసలో రాసి, చుట్టుపక్కల కేంద్రాలతో పోల్చాలి. చిట్యాల అంకెకు లక్ష్మీదేవిపేట అంకె, పొంగిన మోరంచవాగు సాక్ష్యాలు.

2000 అని రాస్తే సరిపోతుందా?

సరిపోదు. చోటు ఆదా కోసం దశాంశాలను పూర్ణాంకాలుగా కుదించి దాస్తారు. తిరిగి విప్పేటప్పుడు గుణించే స్కేల్ ఫ్యాక్టర్ 0.1 అయితే 616.5 అనే వాన ఫైలులో 6165గా ఉంటుంది. నియమం ప్రకారం వాలిడ్ రేంజ్‌ను ఈ కుదించిన అంకెల్లోనే, అంటే 0 నుంచి 20000 అని రాయాలి. యాక్చువల్ రేంజ్‌ను మాత్రం అసలు మిల్లీమీటర్లలో రాయాలి. ఇది మరిచి వాలిడ్ రేంజ్‌లో 2000 అని రాస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని 200 మిల్లీమీటర్లుగా తీసుకుంటుంది. వాతావరణ శాఖ 204.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితే అత్యంత భారీ వర్షం అంటుంది. ఒక్క సున్నా తగ్గితే ఆ తరగతి వానలన్నీ పోతాయి. మామూలు వానలు మిగులుతాయి కాబట్టి పటం చూసినవాళ్లకు అనుమానం కూడా రాదు.

కొలత లేని రోజును ఎలా గుర్తించాలి?

జనగామ వైపు వాన పడని నెలలో సున్నా అంటే నిజమైన కొలత. యంత్రం పనిచేయని రోజు సున్నా రాస్తే అబద్ధమవుతుంది. అందుకే −999 లాంటి, వానకు ఎప్పటికీ రాని అంకెను ఫిల్ వాల్యూగా ప్రకటిస్తారు. ప్రకటించడం మరిస్తే 29 సున్నాలు, ఒక −999 ఉన్న నెల సగటు మైనస్ 33.3 అని వస్తుంది. వాన మైనస్‌లో ఉండదు కాబట్టి ఈ తప్పు దొరుకుతుంది. చాలా ఏళ్ల సగటులో అయితే అంకె కాస్త తగ్గి కనబడుతుందంతే, తప్పు దొరకదు.

ఇదంతా ఎవరికి అవసరం?

2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర వరదకు రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. కల్వర్టు ఎంత వెడల్పుండాలో, చెరువు అలుగు ఎంత పొడవుండాలో గరిష్ఠ వానల లెక్కను బట్టే తేలుతుంది. ఆ లెక్కలో పెద్ద వానలు లేకపోతే కట్టేవి చిన్నవిగానే ఉంటాయి.

అందుకే విద్యార్థులకు, పరిశోధకులకు ఒక్క మాట. ఫైలు తెరవగానే పటం గీయకండి. ముందు వాలిడ్ రేంజ్, ఫిల్ వాల్యూ, స్కేల్ ఫ్యాక్టర్ చదవండి. తర్వాత మీకు తెలిసిన ఒక పెద్ద వాన తేదీ తీసుకుని, ఆ అంకె ఫైలులో ఉందో లేదో చూడండి.