బ్లాక్‌స్టన్ నాలుగు సంపుటములు

ఆంగ్లదేశపు ప్రాచీన న్యాయగ్రంథములను సేకరించువారిలో, విలియం బ్లాక్‌స్టన్ రచించిన 'కామెంటరీస్' ప్రథమ ముద్రణము నాలుగు సంపుటములును తమ బీరువాలో నుండవలెనని కోరనివారరుదు. అంతకుముందు న్యాయవిద్యార్థికి శరణ్యమై యుండినది, 1628లో న్యాయకోవిదుడు ఎడ్వర్డ్ కోక్, తనకు పూర్వుడైన లిటిల్టన్ వ్రాసిన భూమిహక్కుల గ్రంథముపై వెలువరించిన వ్యాఖ్యానము. పుట నడుమ, లా ఫ్రెంచి యను పాత న్యాయస్థానభాషలోని మూలమును, ప్రక్కనే ఆంగ్లానువాదమును, చుట్టును కిక్కిరిసిన వ్యాఖ్యయు గల యా గ్రంథము పండితులకే కొఱుకుడుపడనిది. బ్లాక్‌స్టన్ మహాశయుడు, చార్లెస్ వైనర్ మరణశాసనమున నిచ్చిన ధనముతో ఆక్స్‌ఫర్డున నెలకొల్పబడిన పీఠమును 1758లో ప్రథమాచార్యుడై యధిష్ఠించి, తాను చెప్పిన పాఠములనే, న్యాయవాది కానివాడు సైతము చదివి గ్రహింపగల సుందరమైన వచనముగా దిద్ది ప్రకటించెను.

ఈ సంపుటములు ఒక్కసారిగా వెలువడలేదు. క్లారెండన్ ముద్రాలయమునుండి మొదటిది 1765లో, రెండవది మరుసటియేట, మూడవది 1768లో, నాల్గవది 1769లో వచ్చినవి. కడపటిది వెలువడునాటికే మొదటి రెండును పునర్ముద్రణము పొందియుండుటచే, ఆలస్యముగా కొన్నవారికి వేర్వేఱు ముద్రణములు కలగాపులగమైన సంపుటములే దక్కినవి. కావున పాతపుస్తకముల వర్తకుడు ప్రథమ ముద్రణమని చూపినప్పుడు, అట్టల సొంపునకు మురిసిపోక, నాలుగింటి ముఖపత్రములపైని సంవత్సరములను వేఱువేఱుగ సరిచూడవలెను. రెండవ సంపుటమున రక్తసంబంధమును, దాయక్రమమును చూపు పట్టికలు రెండున్నవి. అవి జాఱిపోలేదుగదా యనియు చూడవలెను. దూడతోలు అట్ట వెన్ను దగ్గఱ పగిలినదని వెనుదీయనక్కఱలేదు. క్రొత్తతోలు తొడిగి, పూర్వపు యజమాని సంతకమున్న తొలికాగితమును పాఱవేసిన ప్రతికంటె, నా దృష్టిలో, అదియే వేయిరెట్లు విలువైనది.

ఏలయన, ఈ గ్రంథమును ఎవరు చదివిరో తెలిపెడివి ఆ పేర్లే. ఫిలడెల్ఫియాలో రాబర్ట్ బెల్ 1771-72లో అచ్చువేసిన అమెరికా ముద్రణమునందైతే, ముందుగా చందా కట్టినవారి పట్టికయే చేర్చబడినది. అందు, పిమ్మట అమెరికా అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ పేరు గలదు. వర్జీనియా వాసి థామస్ మార్షల్ పేరును గలదు. ఈతని కుమారుడు జాన్ మార్షల్ చిన్ననాటనే బ్లాక్‌స్టన్‌ను చదివి, 1801లో ఆ దేశపు సుప్రీంకోర్టునకు ప్రధాన న్యాయమూర్తి యయ్యెను. స్వాతంత్ర్యప్రకటనమునకు నాలుగేండ్లముందు ఆంగ్లన్యాయమును అంత శ్రద్ధతో కొన్నవారెవరో ఆ పట్టికలో పేరుపేరున కానవచ్చుచున్నారు.

బీరువాలో నిలుపుటకు గాక చదువుటకే కొనదలచినవారికి మాత్రము ప్రథమ ముద్రణము తగినది కాదు. బ్లాక్‌స్టన్ బ్రతికియున్నంతకాలము తన గ్రంథమును సవరించుచునే యుండెను. 1780లో ఆయన మరణించిన పిమ్మట, ఆ కడపటి దిద్దుబాట్లతో 1783లో వెలువడిన తొమ్మిదవ ముద్రణమునే అట్టివారు వెదకవలెను.