ఇసుకను కడుపుతో కొట్టి పిలిచే పురుగు

కోచెల్లా అనగానే చాలామందికి ఏటా అక్కడ జరిగే సంగీతోత్సవం గుర్తొస్తుంది. దక్షిణ కాలిఫోర్నియాలోని ఆ ఎడారి లోయలో ఇసుక కింద మరో వాద్యం కూడా మోగుతుంటుంది. వాయించేది కోచెల్లా లోయ జెరూసలేం క్రికెట్.

పేరులో రెండు మాటలూ తప్పే. దీనికి జెరూసలేంతో సంబంధం లేదు, ఇది అసలైన కీచురాయీ కాదు. కీచురాయి రెక్కలు రాపాడించి పాడుతుంది. దీనికి రెక్కల్లేవు, చెవులూ లేవు. పెద్ద గుండ్రటి తల, చారల పొట్ట, తవ్వడానికి పనికొచ్చే బలమైన కాళ్లు ఉంటాయి. చూడ్డానికి భయంకరంగా ఉన్నా విషం లేదు. 1968లో దీన్ని కొత్త జాతిగా వర్ణించి, లోయ మూలవాసులైన కాహుయిలా ప్రజల పేరు పెట్టారు.

జత కోసం ఈ పురుగులు పొట్టతో నేలను టపటపా కొడతాయి. ఆ కంపనాలు ఇసుక గుండా సాగుతాయి. అవతలి పురుగు వాటిని కాళ్లలోని సూక్ష్మ అవయవాలతో పసిగడుతుంది. ఇసుకలో కంపనాలు నెమ్మదిగా నడుస్తాయి. పొరుగునే ఉన్న మొజావే ఎడారిలో తేళ్లపై 1970లలో చేసిన పరిశోధన ప్రకారం, ఇసుక ఉపరితల తరంగాల వేగం సెకనుకు సుమారు 50 మీటర్లే. గాలిలో ధ్వని వేగంలో ఇది ఏడో వంతు. జెరూసలేం క్రికెట్లలో ఒక్కో జాతిది ఒక్కో లయ. చూపుకు ఒకేలా కనిపించే జాతులను శాస్త్రవేత్తలు ఈ దరువును రికార్డు చేసి వేరుచేస్తున్నారు.

అయితే దీనికి ఇసుక ఒక్కటే చాలదు, అందులో తేమ కూడా ఉండాలి. అందుకే వర్షం కాస్త ఎక్కువగా పడే లోయ పడమటి కొసలోనే ప్రధానంగా కనిపిస్తుంది. చలికాలం, వసంతంలో చెక్కముక్కల కింద దొరుకుతుంది. వేసవిలో లోతుకు దిగిపోతుంది.

ఆ ఇసుక కూడా ఉన్నచోట ఉండేది కాదు. కొండల నుంచి వరదలు తెస్తాయి, శాన్ గోర్గోనియో కనుమ గాలులు లోయలోకి ఊదుతాయి. రోడ్లు, ఇళ్లు, గోల్ఫ్ మైదానాలు ఆ దారికి అడ్డుపడ్డాయి. ఈ పురుగు ఎగిరి ఇంకోచోటికి పోలేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య దీన్ని ముప్పు పొంచి ఉన్న జాతుల్లో చేర్చింది.

2008లో అమల్లోకి వచ్చిన లోయ పరిరక్షణ ప్రణాళికలోని 27 జాతుల్లో ఇదీ ఒకటి. కొత్త నిర్మాణాల నుంచి రుసుము వసూలు చేసి, దానితో సహజ భూములు కొంటారు. దిబ్బలతో పాటు వాటికి ఇసుక చేరే దారులను కూడా కాపాడటం ఈ ప్రణాళికలో మెచ్చుకోదగ్గ విషయం. వానలు తగ్గితే మాత్రం చిక్కే. ఇది ఇప్పటికే లోయలో ఎక్కువ తేమ ఉన్న కొసన ఉంది, ఆపైన ఉన్నవి కొండలే.