తిష్ఠ వేస్తే... తీరు మారుస్తుంది!

శనివారం వాడపల్లి వెంకన్న దర్శనానికి వేలమంది వస్తారు. ప్రదక్షిణలు చేసుకుని వెళ్లిపోతారు. ఆ ఊళ్లోనే ఇల్లు తీసుకుని స్థిరపడిన వారికైతే కొన్నాళ్లకు అక్కడి యాస, అలవాట్లు వచ్చేస్తాయి. ఊపిరితిత్తుల్లో చేరే బ్యాక్టీరియా కూడా అంతే. మామూలు న్యుమోనియాలో అది నాలుగు రోజుల చుట్టం. సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న పిల్లల్లో మాత్రం ఏళ్ల తరబడి తిష్ఠ వేసి, తన జన్యువులనే మార్చుకుంటుంది.

ఏమిటీ జబ్బు?

సీఎఫ్‌టీఆర్ అనే జన్యువులో లోపంతో పుట్టుకతోనే వచ్చే జబ్బిది. ఊపిరితిత్తుల్లో కళ్లె జిగురులా చిక్కబడి బయటికి రాదు. భార్యాభర్తలిద్దరిలోనూ లోపమున్న జన్యువు ఒక్కొక్కటి దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మేనరికాల్లో ఈ ముప్పు పెరుగుతుంది. ఇది పాశ్చాత్యుల జబ్బని చాలాకాలం అనుకున్నారు. మన పిల్లల్లోనూ ఉంది. టీబీ, ఆస్తమా అనుకుని పొరబడటంతో ఆలస్యంగా బయటపడుతుంటుంది.

బ్యాక్టీరియా ఎలా మారుతుంది?

ఈ కళ్లెలో స్థిరపడే వాటిలో ముఖ్యమైనది సూడోమొనాస్. ఒకే చిన్నారి నుంచి 6 నెలల వయసులో, 8 ఏళ్ల వయసులో సేకరించిన ఈ బ్యాక్టీరియా జన్యుపటాలను అమెరికా పరిశోధకులు 2006లో పోల్చి చూశారు. 68 మార్పులు కనిపించాయి! తొలినాళ్లలో దాడికి పనికొచ్చిన జన్యువులు చాలావరకు మూలపడ్డాయి. కాలక్రమంలో కొన్ని చుట్టూ జిగురు కవచం కట్టుకుంటాయి. కొన్ని లోపలికి వచ్చిన మందును బయటికి తోసేస్తాయి. అందుకే నిన్న పనిచేసిన యాంటీబయాటిక్ రేపు పనిచేయకపోవచ్చు.

మీరేం చేయాలి?

* బిడ్డను ముద్దుపెట్టుకుంటే ఉప్పగా ఉంటోందా? మాటిమాటికీ న్యుమోనియా, జిడ్డుగా విరేచనం, బరువు పెరగకపోవడం ఉన్నాయా? చెమట పరీక్ష గురించి డాక్టరును అడగండి. క్లోరైడ్ లీటరుకు 60 మిల్లీమోల్స్, అంతకు మించి ఉంటే ఈ జబ్బును గట్టిగా అనుమానించాలి.

* జబ్బు నిర్ధారణైతే, బిడ్డ బాగానే ఉన్నా దాదాపు మూడు నెలలకోసారి కళ్లె కల్చర్ చేయించాలి. సూడోమొనాస్‌ను కొత్తలోనే పట్టుకుంటే నెబ్యులైజర్‌తో ఇచ్చే యాంటీబయాటిక్స్‌తో చాలామందిలో తొలగించొచ్చు. పాతుకుపోయాక చాలా కష్టం.

* పాత చీటీతో మందుల షాపులో యాంటీబయాటిక్స్ కొనకండి. ఆ చీటీ రాసిన నాటి బ్యాక్టీరియా ఇప్పుడలాగే లేకపోవచ్చు.

* కళ్లె బయటికి తెప్పించే ఫిజియోథెరపీని రోజూ చేయించండి. ఒక్కరోజూ మానొద్దు.