మెట్రో గేటు నుంచి రక్త పరీక్ష దాకా.. స్కానర్ ఏం చదువుతుంది? ఎక్కడ పొరపడుతుంది?

ఉదయం తొమ్మిదిన్నర. అమీర్‌పేట మెట్రో స్టేషన్. ఫోన్‌లో క్యూఆర్ టికెట్ తెరిచి గేటు మీద పెట్టారు. తెరుచుకోలేదు. మళ్లీ పెట్టారు. ఊహూఁ. వెనకున్నవాళ్లు ‘కొంచెం పక్కకు జరగండి’ అంటున్నారు. డబ్బులు కట్టారు, టికెట్ కళ్లెదుటే ఉంది. మరి గేటుకు ఏమైంది?

ఆ గేటులో ఉన్నది ఫిక్స్‌డ్ స్కానర్, అంటే ఒకేచోట బిగించి ఉంచే స్కానర్. సూపర్ మార్కెట్ కౌంటర్‌లోని గాజు పలక కింద, విమానాశ్రయంలో బ్యాగులు వెళ్లే బెల్టు చుట్టూ, ల్యాబ్‌లో రక్తం పరీక్షించే యంత్రం లోపల, మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ దగ్గర.. అన్నిచోట్లా ఇవే ఉంటాయి. ఇవి సరిగా పనిచేసినంతసేపూ మనకు గుర్తుకే రావు. పని చేయనప్పుడు మాత్రం బ్యాగు ఇంకో ఊరికి వెళ్లొచ్చు, రక్త పరీక్ష రిపోర్టు ఇంకొకరిది కావచ్చు. అందుకే ఇవి ఏం చేస్తాయో, ఏం చేయలేవో తెలుసుకోవడం అవసరం.

చేతి స్కానర్‌కూ దీనికీ తేడా ఏమిటి?

పార్శిల్ ఇచ్చే అబ్బాయి చేతిలో ఉండేది చేతి స్కానర్. మనిషే దాన్ని వస్తువు దగ్గరికి తీసుకెళ్తాడు. వస్తువునూ, లేబుల్‌నూ కళ్లతో చూస్తాడు. ఫిక్స్‌డ్ స్కానర్ కదలదు. వస్తువే దాని ముందుకు రావాలి. బెల్టు మీద వేగంగా వెళ్లే వందల పెట్టెలను ఆపకుండా చదవడం దీని ప్రత్యేకత. అయితే ఇక్కడ ప్రతి వస్తువునూ చూసే మనిషి ఉండడు.

చదివే పద్ధతి సులువైనదే. బార్‌కోడ్ మీద కాంతి పడితే నల్ల గీతలు దాన్ని పీల్చుకుంటాయి, తెల్ల ఖాళీలు తిప్పి పంపుతాయి. ఆ తేడాను యంత్రం అంకెలుగా మార్చుకుంటుంది. పాత రకం స్కానర్లు లేజర్ కాంతితో చదువుతాయి. వాటికి ఫోన్ తెర మీది కోడ్ సాధారణంగా అందదు. కొత్తవి కెమెరాతో ఫొటో తీసి చదువుతాయి. క్యూఆర్ కోడ్ చదవాలంటే కెమెరా రకమే కావాలి.

దుకాణాల్లో వాడే ఈ తరహా బార్‌కోడ్‌ను మొదటిసారి స్కాన్ చేసింది 1974 జూన్ 26న. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ట్రాయ్ పట్టణంలోని మార్ష్ సూపర్ మార్కెట్‌లో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్‌ను కౌంటర్ స్కానర్ మీదుగా జరిపారు. క్యూఆర్ కోడ్ 1994లో జపాన్ సంస్థ డెన్సో వేవ్‌లో పుట్టింది. మొదట దాన్ని వాడింది కార్ల విడిభాగాల లెక్క కోసం.

మెట్రో గేటు ఎందుకు తెరుచుకోదు?

తరచుగా కనిపించే కారణాలు ఇవి. తెర వెలుతురు తక్కువగా ఉండటం. స్క్రీన్‌షాట్‌ను కత్తిరించినప్పుడు కోడ్ చుట్టూ ఉండాల్సిన తెల్ల అంచు పోవడం. ఫోన్‌ను గాజుకు పూర్తిగా ఆనించడం వల్ల కెమెరాకు కోడ్ మొత్తం కనిపించకపోవడం. వేలు కోడ్ మీద పడటం.

తెర కొంచెం పగిలినా క్యూఆర్ పనిచేయడం మీరు చూసే ఉంటారు. ఆ కోడ్‌లో ఒకే సమాచారానికి అదనపు లెక్క కూడా ఉంటుంది. తయారుచేసిన స్థాయిని బట్టి సుమారు 7 నుంచి 30 శాతం దాకా పాడైనా చదవగలదు. కానీ మూడు మూలల్లోని పెద్ద చదరాలు దెబ్బతింటే కష్టం. కోడ్ ఎక్కడుందో, ఎటు తిరిగి ఉందో యంత్రం గుర్తుపట్టేది వాటితోనే.

ఇంకో కారణం కూడా ఉండొచ్చు. కోడ్‌ను స్కానర్ చదివింది, కానీ ‘ఇది ఇప్పటికే వాడేశారు’ అని సర్వర్ చెప్పింది. ఒక మనిషి టికెట్ స్క్రీన్‌షాట్‌ను స్నేహితుడికి పంపితే, ముందు వెళ్లినవారికే గేటు తెరుచుకుంటుంది. రెండుసార్లు ప్రయత్నించినా తెరుచుకోకపోతే క్యూలో ఇబ్బంది పడకుండా కస్టమర్ కేర్ కౌంటర్‌కు వెళ్లి టికెట్ చూపించండి.

విమానాశ్రయంలో మీ బ్యాగు ఎలా వెళ్తుంది?

చెక్-ఇన్ దగ్గర బ్యాగుకు కట్టే ట్యాగ్ మీద 10 అంకెల నంబర్ ఉంటుంది. ఏ విమానయాన సంస్థదో అందులో మూడు అంకెలు చెబుతాయి. బ్యాగు బెల్టు మీద వెళ్తుంటే, ట్యాగ్ ఏ వైపు తిరిగి ఉన్నా దొరికేలా చుట్టూ స్కానర్లు ఉంటాయి. ఆ నంబర్‌ను బట్టి బ్యాగు ఏ విమానం వైపు మళ్లాలో కంప్యూటర్ చెబుతుంది. బ్యాగును తీసుకున్నప్పుడు, విమానంలోకి ఎక్కించినప్పుడు, మరో విమానానికి మార్చినప్పుడు, చివర అప్పగించినప్పుడు నమోదు చేయాలనే అంతర్జాతీయ నిబంధన 2018 జూన్ నుంచి అమల్లో ఉంది.

ఇక్కడ మన వల్ల జరిగే పొరపాటు ఒకటుంది. పోయినసారి ప్రయాణంలో అంటించిన చిన్న స్టిక్కర్లను చాలామంది పీకరు. వాటి మీదా బార్‌కోడ్ ఉంటుంది. రెండు వేర్వేరు నంబర్లు కనిపిస్తే యంత్రం బ్యాగును పక్కకు తోసేయొచ్చు. అప్పుడు మనిషి వచ్చి చూసేదాకా అది అక్కడే. కనెక్టింగ్ ఫ్లైట్ ఉన్నవారికి ఆ ఆలస్యం చాలు.

బోర్డింగ్ పాస్ ఫొటోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. అందులోని కోడ్‌లో మీ పేరు, పీఎన్‌ఆర్, విమానం, సీటు వివరాలు ఉంటాయి. ఎవరైనా మామూలు యాప్‌తో చదవగలరు. పీఎన్‌ఆర్, ఇంటిపేరు ఉంటే చాలు, చాలా సంస్థల వెబ్‌సైట్లలో బుకింగ్ తెరుచుకుంటుంది.

పోస్టు, పార్శిల్ సంగతి?

స్పీడ్ పోస్టు రసీదు మీద 13 స్థానాల నంబర్ చూడండి. ముందు రెండు ఇంగ్లిష్ అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర భారత్‌ను సూచించే ‘ఐ’, ‘ఎన్’. తొమ్మిదో అంకె ముందున్న ఎనిమిది అంకెల లెక్కతో వస్తుంది. ఒక అంకె తప్పు చదివితే లెక్క కుదరదు, యంత్రం ఒప్పుకోదు. ట్రాకింగ్‌లో కదలిక కనిపించాలంటే ఎక్కడో ఒకచోట స్కాన్ జరగాలి. లేబుల్‌ను పెట్టె అంచు మీద మడిచినా, దాని మీద మెరిసే టేపు వేసినా చదవడం కష్టమవుతుంది.

రక్త పరీక్షలో ప్రమాదం ఎక్కడ?

పెద్ద ల్యాబ్‌లలో రక్తం తీసిన ట్యూబుకు బార్‌కోడ్ అంటిస్తారు. యంత్రంలోని స్కానర్ దాన్ని చదివి, ఏ పరీక్షలు చేయాలో తెలుసుకుని, ఫలితాన్ని ఆ నంబర్‌కే జత చేస్తుంది. చేత్తో రాసుకునే రోజుల కంటే ఇది ఎంతో నయం. కానీ మీ ట్యూబుకు పక్క కుర్చీలోని వారి లేబుల్ అంటిస్తే ఆ తప్పును యంత్రం పట్టుకోలేదు. అది చదివేది నంబర్‌నే. లోపల ఎవరి రక్తం ఉందో దానికి తెలియదు. అందుకే రక్తం తీశాక మీ ముందే లేబుల్ అంటించమనండి. పేరు, వయసు చదివి చూసుకున్నాకే లేవండి. అడగడానికి మొహమాటం వద్దు.

మందుల పెట్టె మీద కోడ్ దేనికి?

దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యే 300 మందుల బ్రాండ్లపై బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ 2023 ఆగస్టు 1 నుంచి తప్పనిసరి. మందు పేరు, బ్రాండ్, తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబర్, తయారీ, గడువు తేదీలు, లైసెన్స్ నంబర్ వంటివి అందులో ఉండాలి. ఇలాంటి కోడ్‌లు సరిగా పడ్డాయో లేదో ప్యాకింగ్ దగ్గర బిగించిన కెమెరాలు చూస్తాయి. తప్పుగా ఉన్న పెట్టెను అక్కడే తప్పిస్తాయి.

ఇంట్లో ఫోన్‌తో స్కాన్ చేసి, వచ్చిన బ్యాచ్ నంబర్, గడువు తేదీ పెట్టె మీద ఉన్నవాటితో కలుస్తున్నాయా చూడండి. కలవకపోతే మందు వేసుకోకుండా షాపులో అడగండి, రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులకు ఫిర్యాదు చేయండి. ఒకమాట: కలిసినంత మాత్రాన అసలుదని గ్యారంటీ లేదు. కోడ్‌ను కూడా నకలు కొట్టొచ్చు. బిల్లు తీసుకోవడం మానొద్దు.

సూపర్ మార్కెట్ బిల్లు నమ్మొచ్చా?

కంపెనీ ముద్రించే మామూలు బార్‌కోడ్‌లో ధర ఉండదు. ఆ వస్తువు నంబర్ మాత్రమే ఉంటుంది. ధర దుకాణం కంప్యూటర్‌లో ఉంటుంది. ఆఫర్ బోర్డు పెట్టి కంప్యూటర్‌లో మార్చడం మరిచిపోతే పాత ధరే పడుతుంది. 890తో మొదలైతే భారత్‌లో తయారైనట్టే అనుకోవడం కూడా సరికాదు. ఆ నంబర్ భారత్‌లో నమోదైందని మాత్రమే దానర్థం. బిల్లులో ఎంఆర్‌పీ కంటే ఎక్కువ పడితే అక్కడే అడగండి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

ఇవి గుర్తుంచుకోండి

- మెట్రోలో గేటు దగ్గరికి వెళ్లకముందే టికెట్ తెరిచి, తెర వెలుతురు పెంచండి. ఫోన్‌ను గాజుకు కొద్దిగా ఎత్తులో పట్టుకోండి.
- ప్రయాణానికి ముందు బ్యాగు మీది పాత స్టిక్కర్లన్నీ పీకేయండి. ట్యాగ్ రసీదు బ్యాగు చేతికొచ్చేదాకా దాచండి.
- పార్శిల్ లేబుల్‌ను చదునైన వైపు అంటించండి. బార్‌కోడ్ మీద టేపు వేయొద్దు.
- ల్యాబ్‌లో ట్యూబు మీద మీ పేరు చూశాకే లేవండి.
- మందుల మీద కోడ్‌లోని బ్యాచ్ నంబర్, గడువును పెట్టెతో పోల్చండి.
- కౌంటర్ వదలకముందే బిల్లు ఒకసారి చదవండి.