నిమ్మలకుంట తోలుదీపములు

మా ముదిగుబ్బ ప్రాంతమున వాన కురియుటయే యొక వార్త. ఏడాది మొత్తమునకు అయిదారువందల మిల్లీమీటర్లు పడిన మంచి యేడే యనుకొందుము. వేరుసెనగ పైరు మాడినచో రైతు చేత డబ్బాడదు. రైతు చేత డబ్బాడనిచో ఊర వేడుకలు నడువవు. వేడుకలపై బ్రతుకు కళావంతుల యింట పొయ్యి రాజదు. ఈ సంగతి మాకంటె బాగుగ నెరిగినవారు నిమ్మలకుంట తోలుబొమ్మలవారు. పిలుచువారు కరవైననాడు వారు క్రొత్త గిరాకీ నెట్లు సంపాదించుకొనిరో, అందుకై యేమి వదలుకొనవలసివచ్చెనో సోదరీమణులకు దెలుపుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

నిమ్మలకుంట ధర్మవరము మండలములోని పల్లె. మా ముదిగుబ్బవలెనే మునుపు అనంతపురము జిల్లాలో నుండి, 2022 ఏప్రిలునుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. బొమ్మలాటవారు ఇంటిలో మరాఠీ కలసిన మాట లాడుకొందురు. తెరవెనుక నిలిచినంతనే తెలుగు పద్యము లెత్తుకొందురు. శివరాత్రికి, జాతరలకు ఊరి పెద్దలు పిలిపించెడివారు. వానలు తప్పినప్పుడు విరాటపర్వ మాడింపుమని పిలుచుటయు గలదు. అయితే ఎండినయేడు ఊరు పిలువగలదే కాని యీయగల దెంత?

ఆపై సినిమా వచ్చెను, టెలివిజను ఇంటింటికి వచ్చెను. తెల్లవారుదాక తెర యెదుట కూర్చుండువారు తగ్గిరి. అప్పుడు వీరు చేసిన పని చూడుడు. బొమ్మకొరకు మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగించి యెండబెట్టుట వారికి తరతరముల విద్య. ఆ తోలు వెలుగును లోనికి రానిచ్చునది. దానికై పుట్టిన పనితనమే యది. తెరవెనుకనున్న దీపమును తోలులోపలికి దెచ్చిరి, అంతే. తీగె చట్రమునకు తోలుముక్కలు కుట్టి, దీపపు గూడుగ చేసిరి. ఆపిమ్మట గోడకు వ్రేలాడదీయు చిత్తరువులు, వాకిటి తోరణములు, గది నడుమ నిలుపు తెరలు వచ్చినవి.

వినుటకు సులువుగ దోచును గాని, క్రొత్త కొనుగోలుదారుని మనసు వేరు. పల్లెవాడు హనుమంతుడు సముద్రము దాటుట చూడగోరును. పట్టణపు గృహిణి తన గది మూలకు నెమలియో, చెట్టునీడలో లేళ్లో యడుగును. బొమ్మ యొకటి జానెడు హెచ్చుతగ్గైన ఆటలో నెవరును గుర్తింపరు. జంట దీపములలో ఒకటి అంగుళము కురుచైనచో తిరిగి వచ్చును. కొలత, గడువు అను రెండు మాటలను వీరు క్రొత్తగ నేర్చుకొనవలసివచ్చెను. ఢిల్లీ హాటు, 1987లో మొదలైన సూరజ్‌కుండ్ మేళా వంటి సంతలకు మూటలు గట్టుకొని పోవుట, భాష రానిచోట బేరమాడుట, అమ్మకము లేని దినమున మరునాటికి మరల అంగడి పరచుట: ఇదియంతయు వారి క్రొత్త చదువు. ఈ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటింపబడెను. ఆ యేడే మహమ్మారి వచ్చి సంతలన్నియు మూతపడెను! బిరుదు మంచిదే, బిరుదు బియ్యము తేదు.

ఇక మా తప్పొకటి చెప్పుకొనవలెను. మా యాడపడుచు కూతురి పెండ్లికని జంటదీపములు చేయింప నేగితిమి. ధర విని, బజారులో ప్లాస్టికు గూడు పదోవంతుకే వచ్చునని నోరు జారితిమి. ఆ యింటి యామె కోపింపలేదు. కొయ్యదిమ్మపై తోలు పరచి, చిన్న యులిని మా చేతికిచ్చి, “ఒక్కటి కొట్టి సూడమ్మా” అనెను. మేము పెట్టిన రంధ్రము చీలికయై పోయినది. ఆమె మా ప్రక్కనే కూర్చుండి మాట లాడుచునే యొక కంఠాభరణ మంతయు చుక్కచుక్కగ తొలిచినది. ఆవల ఇరువైపుల రంగు పూయవలెను, ఒకవైపు పూసిన వెలుగులో వెలవెలబోవును. మేము మారు బేర మాడలేదు.

మాటల నడుమ ఆమె తమ జాగ్రత్తలను జెప్పినది. ఒక్క పెద్ద వర్తకుని నమ్ముకొని యుండరట. పెద్ద దీపములు అమ్ముడుపోవువరకు నడుచుటకై చిన్న గోడబొమ్మలు ఎప్పుడును చేసి యుంచుదురట. ముందుగ కొంత పైకము రానిదే పెద్దపనికి తోలు కోయరట. ఇంటి ఖర్చు నడుపు మనకు ఇందులో తెలియని దేమున్నది? కాని వారు దీనిని దెబ్బలు తిని నేర్చిరి.

మాకు గుచ్చుకొన్నది వేరొకటి. ఆటలో సీతకు, ద్రౌపదికి గొంతు నిచ్చువారు ఆ యిండ్ల స్త్రీలు. దీపపు గూటికి గొంతుతో పనిలేదు. పిల్లలు ఉలిపట్టు నేర్చుచున్నారు. పద్యము నేర్చువారు తక్కువ. పాడుమని మే మడుగగా ఆమె నవ్వి, నాలుగు చరణములు పాడి, అయిదవదానికి తడుముకొనెను. కొంతసేపటికి లోపలినుండి వాళ్లత్త యందించినది.

తోలుదీపము కొనువారికొక మాట: చెమ్మగోడకు తగిలింపకుడు, తడిగుడ్డతో తుడువకుడు, వేడి తక్కువగల బల్బునే పెట్టుడు.

దీపములకు ముందుపైకముతోబాటు వచ్చు శివరాత్రికి ఒక రాత్రి ఆటకును మాటాడి వచ్చితిమి. వీథివారము చందా వేసికొన్నాము. తెరకు తెల్లపంచెలు మా యిండ్లనుండియే యిచ్చుట; వారు వచ్చునప్పుడు ఆ యత్తగారిని తప్పక తోడ్కొని రావలెనని మా నిబంధన.