ఈ20 వంక పెట్టి ట్యూబు ముక్క కట్టొద్దు

ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు (ఈ20) వచ్చాక పాత వ్యాన్లలో ఏ రబ్బరూ ఆగడం లేదని, ట్యాంకులోకి పెట్రోలు పోసే దారిలో కంపెనీ పైపు వేయించినా కొన్నాళ్లకే కరిగిపోతుందని, అలాంటప్పుడు ట్యూబు ముక్క తొడిగి బైండింగ్ వైరు బిగిస్తే సరిపోతుందని ఒక మాట ఊరూరా తిరుగుతోంది. బోనకల్ నుంచి భద్రాచలం అడవి దారుల దాకా పాత మారుతి ఓమ్నిలు తిరిగే చోటల్లా వినిపించే మాటే ఇది. ఏ రాయైతేనేం పళ్లు రాలగొట్టుకోవడానికి అన్న తీరు ఆలోచన. ఫలితం కళ్లెదుటే ఉంది. పెట్రోలు పోసే చోట కింద ఎప్పుడూ తడి, ఎండలో నిలిపిన వ్యాను తలుపు తీయగానే గుప్పుమనే వాసన. ఆ వాసన మధ్యే బడి పిల్లలు కూర్చుంటారు, ఖమ్మం ఆసుపత్రికి తీసుకెళ్లే రోగి పడుకుంటాడు. ఓమ్నిలో ఇంజను ముందు సీటు కిందే ఉంటుంది. పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు కాబట్టి పైకి లేచి చెదిరిపోదు, నేలబారుగా పాకుతుంది. గాలిలో దాని పాలు 1.4 శాతానికి చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఎంత చలిలోనైనా అంటుకునే సరుకు అది, ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే ఖమ్మం జిల్లా సంగతి వేరే చెప్పాలా? పాత బండి అన్నాక ఆ మాత్రం వాసన ఉంటుందిలే అని సర్దుకుపోవడం ఇక మానాలి. మంచి రబ్బరు ఉన్న బండికి, అది 1984 నాటిదైనా సరే, లోపల పెట్రోలు వాసన రాకూడదు.

ఈ పుకారులో నిజం పాలు కొంత ఉంది. ఒప్పుకోవాలనిపించకపోయినా అది ఒప్పుకోక తప్పదు. మారుతి వ్యాను మన రోడ్ల మీదికి వచ్చింది 1984లో. ఓమ్ని అనే పేరు ఆ తర్వాత పెట్టారు. పెట్రోలులో ఐదు శాతం ఇథనాల్ కలిపే పథకం మొదలైంది 2003 జనవరిలో, తొమ్మిది రాష్ట్రాల్లో. వాటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అంటే తొలినాటి వ్యాన్ల రబ్బరు భాగాలు తయారైన రోజుల్లో ఇథనాల్ ఊసే లేదు. 2022 జూన్ నాటికి ఆ పాలు పది శాతానికి చేరింది, 2023 ఫిబ్రవరిలో ఇరవై శాతం పెట్రోలు అమ్మకం మొదలై ఆ తర్వాత దేశమంతా పరుచుకుంది. ఇరవై శాతాన్ని తట్టుకునే సామగ్రితో కొత్త బండ్లు తయారు కావడం మొదలైంది 2023 ఏప్రిల్ నుంచే. అంతకు ముందరి వాటిలో కొన్నింటికి రబ్బరు భాగాలు, గాస్కెట్లు ముందుగానే మార్చాల్సి రావచ్చని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ తానే చెప్పింది. అలాంటి బండ్లలో నాలుగు చక్రాల వాటికి మైలేజీ ఆరేడు శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే ఉంది. కాబట్టి ఈ20 వల్ల పాత రబ్బరుకు ఏమీ కాదని వాదించేవాళ్లు కూడా తప్పే చెబుతున్నారు. పైగా నైట్రైల్ జాతి రబ్బర్లకు శుద్ధ ఇథనాల్ కంటే పది నుంచి ఇరవై ఐదు శాతం కలిసిన మిశ్రమమే ఎక్కువ చేటు చేస్తుంది. అవి బాగా ఉబ్బేది ఆ పాళ్లలోనే, మన బంకుల్లో ఇప్పుడు దొరికేది సరిగ్గా ఆ పాళ్ల పెట్రోలే.

అయితే అక్కడి నుంచి ఏ రబ్బరూ ఆగదనే తీర్మానానికి దూకడం పెద్ద పొరపాటు. పాతది చెడింది కాబట్టి సరైనది వేయాలి అన్నది దాని నుంచి రావాల్సిన మాట. ఏదైనా ఒకటే అనే మాట దానికి పూర్తిగా ఎదురు. బ్రెజిల్‌లో 1975లో ఇథనాల్ పథకం పెట్టారు, దశాబ్దాలుగా అక్కడి పెట్రోలులో ఇరవై శాతానికి పైబడి ఇథనాల్ ఉంటోంది, 2025 ఆగస్టు నుంచి ముప్పై శాతం. అక్కడ బండ్లు రబ్బరు పైపులతోనే నడుస్తున్నాయి. అక్కడి బండ్లు అందుకోసమే తయారయ్యాయి, మనవి కాదు కదా అని అడుగుతారు. నిజమే. వాటి తయారీలో ముఖ్యమైన తేడాల్లో ఒకటి ఇలాంటి చోట్లే ఉంది, పెట్రోలు తగిలే రబ్బరు ఏ రకందన్న దగ్గర. ఇంజను మార్చమని ఎవరూ అనడం లేదు. పెట్రోలు పోసే మూరెడు పైపు, దాని పక్కన సన్నటి గాలి పైపు, ట్యాంకు మూతలో వాషరు, బాడీ రేకు దగ్గర చుట్టూ ఉండే రబ్బరు బీడింగు, ఈ నాలుగూ సరైన సరుకుతో మారిస్తే ఆ ఒక్క విషయంలో 1984 వ్యాను కూడా నేటి బండికి సమానమవుతుంది.

సరైన సరుకు ఏదన్నది రబ్బరు పుట్టుకను బట్టి ఉంటుంది, ధరను బట్టి కాదు. చెట్టు పాల నుంచి వచ్చే సహజ రబ్బరు పెట్రోలులో పడితే దాన్ని పీల్చుకుని రెట్టింపుకు మించి ఉబ్బుతుంది, పిసికితే తెగిపోయేంత మెత్తబడుతుంది. టైరు ట్యూబులు ఎక్కువగా బ్యూటైల్ రబ్బరువి. గాలిని పట్టి ఉంచడంలో దాన్ని మించింది లేదు, అందుకే ట్యూబుకు వాడతారు. పెట్రోలు ముందు మాత్రం అది కూడా నిలవదు. రేడియేటర్ పైపు మందంగా, గట్టిగా కనిపిస్తుంది కాబట్టి చాలామంది దాన్ని కోసి వాడుతున్నారు. అది ఈపీడీఎం అనే రబ్బరు. మరిగే నీళ్లను ఏళ్ల తరబడి మోస్తుంది, పెట్రోలు తగిలితే ఉబ్బి, పొర విడిచి, లోపలి నుంచి పొట్టులా రాలుతుంది. ఆ పొట్టు ట్యాంకులోకి, ఫిల్టరులోకి, కార్బొరేటర్ జెట్టులోకి చేరితే బండి ఆగిపోతుంది, నింద మళ్లీ ఈ20 మీదే పడుతుంది. మేస్త్రీలు వాడే లెవెల్ పైపు ఇంకొకటి. ఆ పీవీసీని మెత్తగా ఉంచే నూనెలను పెట్రోలు లాగేస్తుంది, కొన్ని వారాల్లో అది కర్రలా బిగిసి క్లిప్పు దగ్గర చిట్లుతుంది. పెట్రోలు కోసమే పుట్టింది నైట్రైల్ రబ్బరు. అందులో అక్రిలోనైట్రైల్ పాలు పెరిగే కొద్దీ పెట్రోలును తట్టుకునే శక్తి పెరుగుతుంది, బదులుగా గడ్డకట్టే చలిలో వంగే గుణం తగ్గుతుంది. మన దగ్గర ఆ చలి లేదు, కాబట్టి ఎక్కువ పాలున్న రకాన్ని నిశ్చింతగా వాడవచ్చు. ఇథనాల్‌కు అన్నిటికంటే బాగా నిలిచేది ఫ్లోరో రబ్బరు. లోపలి పొర దానితో చేసిన పైపులు ఖరీదైనవే, కానీ కొనాల్సింది మూరెడే.

ట్యూబు ముక్క కట్టి ఏడాదైంది, ఏమీ కాలేదే అన్నది తరచూ వచ్చే ఎదురు ప్రశ్న. పోసే పైపులో పెట్రోలు ఎప్పుడూ నిండి ఉండదు. బంకులో పోసినప్పుడు ఒకసారి తడుస్తుంది, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మలుపుల్లో, గుంతల్లో ఎగిసి తగులుతుంది, మిగతా కాలమంతా లోపల ఆవిరే ఉంటుంది. అందుకే రెండొందలకో మూడొందలకో పోయించుకునే బండిలో కారడం కంటికి ఆనదు. ఆవిరి మాత్రం ఆ మెత్తబడ్డ రబ్బరు గుండా రోజూ బయటికి వస్తూనే ఉంటుంది. పెళ్లికనో దూర ప్రయాణానికనో ట్యాంకు నింపిన రోజున, నిండా జనం ఎక్కిన రోజున అది ఊడుతుంది. కట్టిన వైరు కూడా అందుకు తోడ్పడుతుంది. క్లిప్పు ఒత్తిడి చుట్టూ సమానంగా పడుతుంది, వైరు ఒకచోట కోసి ఇంకోచోట వదులుగా ఉంటుంది. తడుస్తూ ఆరుతూ ఉండటం ఇంకా చేటు. పెట్రోలు తడికి ఉబ్బిన రబ్బరు ఎండకు ఆరినప్పుడు మొదటి కొలత కంటే కుంచించుకుపోయి పగుళ్లు తీస్తుంది, ఎందుకంటే దాన్ని మెత్తగా ఉంచే పదార్థాలు పెట్రోలుతో పాటే వెళ్లిపోతాయి. గ్యాస్ కిట్టు వేసి, పెట్రోలును స్టార్టింగుకు మాత్రమే వాడే ఓమ్నిలలో ఈ ఎండటం మరీ ఎక్కువ.

అసలు పైపు దొరకదు కదా అన్నది రెండో అభ్యంతరం. ఓమ్ని విషయంలో ఆ మాట చెల్లదు. 2019 దాకా తయారైన బండి అది, దాని రబ్బరు భాగాల కోసం అడవులు పట్టుకు తిరగనక్కర్లేదు. నిజంగా కష్టం మద్రాసు స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారి స్టాండర్డ్ 20 లాంటి వ్యాన్లు దాచుకున్నవారిది. వాటికి అచ్చు పోసిన పైపు దొరకకపోవచ్చు, కానీ పోసే గొట్టం బయటి వ్యాసం కొలిచి, ఆ కొలతకు సరిపోయే, లోపల నూలు అల్లిక ఉన్న పెట్రోలు పైపును విజయవాడ ఆటోనగర్‌లో వెతకవచ్చు. పైపు మీద అచ్చు చూసి కొనాలి. ఎస్‌ఏఈ జె30 అని, తయారైన సంవత్సరం ఇదని రాసి ఉంటే అది పెట్రోలు కోసం చేసిన పైపు. ఏ అచ్చూ లేని నల్ల పైపును కొట్టువాడి నోటి మాట మీద కొనకండి. కొత్త రబ్బరు వేస్తే వింటేజ్ హోదా పోతుందన్న భయం కూడా కొందరిలో ఉంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధన యాభై ఏళ్లు దాటిన బండ్లకు, ఛాసిస్, బాడీ, ఇంజనులో పెద్ద మార్పులు ఉండకూడదని అంటుంది. అరిగిన పైపు మార్చడం దాని కిందికి రాదు.

మిగతా నమ్మకాలకు ఇంత చోటు అక్కర్లేదు. ఎండాకాలంలో ట్యాంకు నింపితే పేలుతుందని ఇండియన్ ఆయిల్ హెచ్చరించిందన్న వాట్సాప్ సందేశం అబద్ధం, తయారీదారు చెప్పిన మేర నింపుకోవచ్చని ఆ సంస్థే స్పష్టం చేసింది. నాజిల్ టక్కున ఆగిందంటే బంకువాడు మోసం చేశాడని కాదు, మీ గాలి పైపు నలిగి మూసుకుపోయి ఉండవచ్చు. పగులుకు ఎం-సీల్ రాస్తే ఆగదు, పైపు కదులుతుంది, అది కదలదు. బ్రేక్ ఆయిల్ రాస్తే రబ్బరు కొత్తదవదు, నాలుగు రోజులు ఉబ్బి మరింత చెడుతుంది. రంగురంగుల సిలికాన్ పైపు ఖరీదైనదే గానీ పెట్రోలుకు పనికిరాదు. ఇథనాల్‌ను విరిచేస్తామంటూ అమ్మే సీసాల్లో ఏది పోసినా పగిలిన పైపు అతుక్కోదు. డీజిల్ మెటడార్లకు ఇవేవీ వర్తించవన్నదీ తప్పే, సహజ రబ్బరును డీజిల్ కూడా ఉబ్బిస్తుంది.

మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి మార్చండి. పెద్ద పైపు మార్చి గాలి పైపు వదిలేస్తే, కారే చోటు మారుతుంది తప్ప కారడం ఆగదు. మూత వాషరును చిన్నచూపు చూడొద్దు. అది పోతే వాన నీరు ట్యాంకులోకి దిగుతుంది, ఇథనాల్ ఆ నీటిని పట్టుకుని అడుగుకు చేరుతుంది, ట్యాంకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. బీడింగు పోతే బురద లోపలికి, ఆవిరి బండిలోకి వస్తాయి. పని మొదలుపెట్టే ముందు ట్యాంకులో పెట్రోలు తగ్గనివ్వండి, బ్యాటరీ నెగెటివ్ వైరు తీయండి, ఆరుబయట చేయండి. గుంటలో దిగి చేస్తే ఆవిరి అక్కడే పేరుకుంటుంది. తీసిన పెట్రోలును ప్లాస్టిక్ బకెట్టులో పట్టొద్దు, మూత ఉన్న ఇనప డబ్బాలో పట్టాలి. పాత పైపు అతుక్కుపోతే బ్లేడుతో పొడవునా చీల్చాలి, గ్రైండరు ముట్టించకూడదు. పోసే గొట్టానికి తుప్పు బొక్క పడితే వెల్డింగు జోలికి పోకుండా గొట్టమే మార్చాలి. అంచు తుప్పును ఎమరీ కాగితంతో రుద్ది నున్నగా చేయండి, గరుకు అంచు కొత్త రబ్బరును లోపల కోస్తుంది. గ్రీజు వద్దు, ఎక్కకపోతే కొంచెం సబ్బు నీళ్లు చాలు. క్లిప్పు గొట్టం ఉబ్బు అంచుకు వెనకగా కూర్చోవాలి, రబ్బరు పొంగి బయటికి వచ్చేంత బిగించకూడదు. గాలి పైపు మధ్యలో జారి వేలాడకూడదు, ఆ వంపులో పెట్రోలు నిలిస్తే గాలి దారి మూసుకుంటుంది. గొట్టానికీ ట్యాంకుకూ మధ్య ఎర్త్ వైరు ఉంటే దాన్ని తిరిగి బిగించండి. పని అయ్యాక ముందు సగం, మర్నాడు నిండుగా పోయించి, రెండుసార్లూ పొడి గుడ్డతో జాయింట్లు తుడిచి చూడండి. 30 లీటర్ల పెట్రోలు 15 డిగ్రీలు వేడెక్కితే అర లీటరు దాకా పెరుగుతుంది కాబట్టి నాజిల్ ఆగాక ఇంకా పొయ్యమని అడగొద్దు. వారం తర్వాత క్లిప్పులను మరోసారి బిగించండి.